చేతులు వాడకుండా ఫోన్, కంప్యూటర్ నడపడం ఎలా?

రెండు మణికట్లకూ ఒకేసారి కట్లు పడ్డ రోజు నేను ఫోన్‌ని ముక్కుతో నొక్కాను. పనిచేసింది. కాకపోతే ముక్కు స్క్రీన్‌కి తగిలేసరికి కళ్లు దానికి మరీ దగ్గరైపోతాయి, ఏం నొక్కుతున్నామో కనబడదు. ఒకరికి ఫోన్ చేయబోయి ముగ్గురికి చేశాను. సాయంత్రానికి మెడ పట్టేసింది. తర్వాత ఏడు వారాలు గొంతుతో, తలతో, కనుబొమలతో పని నెట్టుకొచ్చాను. కట్లు విప్పేశాక కూడా, చేతులు నొప్పెట్టిన రోజు అదే పద్ధతికి మళ్లుతుంటాను.

ఇది నాలాగా కొన్ని వారాల అవసరం ఉన్నవాళ్లకే కాదు. చేతులు లేనివాళ్లకు, వెన్నుపాము దెబ్బతిని మెడ కింద కదలిక పోయినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు, వణుకు వల్ల టచ్ స్క్రీన్ కుదరనివాళ్లకు కూడా ఇవే దారులు. వీటిలో చాలావరకు మీ ఫోన్లో, కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నాయి. కొనాల్సింది తక్కువ.

ముందు మీ ఒంటిని చూసుకోండి

ఫోన్ దగ్గర చేతులు చేసేవి నాలుగే పనులు: ఎక్కడో చూపించడం, అక్కడ నొక్కడం, అక్షరాలు రాయడం, ఆపడం. ఈ నాలుగింటినీ ఒంట్లో వేరే భాగాలకు పంచాలి. అన్నీ ఒకే భాగం మోయాలని లేదు. తలతో చూపించి, కనుబొమ ఎగరేసి నొక్కి, గొంతుతో రాసేవాళ్లు ఉన్నారు. ఆపడం అనేదాన్ని మాత్రం అందరూ చివరికి వదిలేస్తారు. నేనూ వదిలేసి దెబ్బతిన్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

ఏ భాగాన్ని నమ్ముకోవాలో తేల్చడానికి చిన్న పరీక్ష. సాయంత్రం బాగా అలిసిపోయాక ఒక కదలికను వరసగా ఇరవైసార్లు చేయండి: తల కుడికి తిప్పడం, నోరు తెరవడం, కనుబొమలు ఎత్తడం, పాదం కిందికి నొక్కడం, ఏదైనా సరే. ఇరవయ్యోసారి కూడా మొదటిసారిలాగే వస్తే అది మీ పనిముట్టు. పొద్దున తాజాగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా వచ్చి రాత్రికి చచ్చుబడిపోయే కదలికను ప్రధానంగా పెట్టుకోవద్దు, రెండోదిగా ఉంచుకోండి. ఎంత బాగా వచ్చినా రెండో దారి ఒకటి తప్పనిసరి. జలుబు చేసి గొంతు పోయిన రోజు గొంతు ఒక్కటే నమ్ముకున్నవాడి పరిస్థితి ఊహించుకోండి.

ఫోన్‌ని కదలకుండా నిలబెట్టండి

దీన్ని దాటేసి నేరుగా సెట్టింగ్స్‌లోకి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఫోన్ జారి పడితే తీయడానికి చేయి లేదన్న సంగతి అది పడ్డాకే గుర్తొస్తుంది. టేబుల్‌కో, మంచానికో, వీల్‌చైర్‌కో బిగించే స్టాండ్ తీసుకోండి. పాములా వంగే సన్నటి స్టాండ్లు చూడ్డానికి బాగుంటాయి కానీ టేబుల్‌కి కాస్త తగిలినా ఊగుతూ ఉంటాయి. ముఖాన్నో కళ్లనో కెమెరాతో గమనించే పద్ధతులకు ఆ ఊపు సరిపడదు. మడతపెట్టే కీళ్లున్న గట్టి చేయి లాంటి స్టాండ్ మేలు.

ఎత్తు కళ్లకు సమంగానో, కాస్త కిందగానో ఉండాలి. దూరం సుమారు మూరెడు. వెలుతురు ముఖం మీద పడాలి. వెనక కిటికీ ఉంటే కెమెరాకు ముఖం నల్లగా కనబడుతుంది. ఛార్జర్ తీగను స్టాండ్‌కి కట్టి శాశ్వతంగా తగిలించి ఉంచండి. కెమెరా, మైకు రోజంతా పనిచేస్తుంటే బ్యాటరీ నిలవదు.

గొంతుతో ఫోన్

మాట స్పష్టంగా ఉన్నవాళ్లు ఇక్కడ మొదలుపెట్టాలి. ఒక తేడా మాత్రం తెలుసుకోండి. “ఓకే గూగుల్”, సిరి లాంటి అసిస్టెంట్లు అడిగిన పని చేసిపెడతాయి: అలారం పెట్టు, ఫలానావాళ్లకు ఫోన్ చెయ్యి. స్క్రీన్ మీద కనిపించే ప్రతి బటన్‌నీ మీరే నొక్కాలంటే అసిస్టెంట్ చాలదు. దానికి ఆండ్రాయిడ్‌లో వాయిస్ యాక్సెస్, ఐఫోన్లో వాయిస్ కంట్రోల్ ఉన్నాయి. రెండోది 2019లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 13తో వచ్చింది.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అందులో యాక్సెసిబిలిటీ, అందులో వాయిస్ యాక్సెస్. అక్కడ కనబడకపోతే ప్లే స్టోర్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ఐఫోన్లో కూడా సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, వాయిస్ కంట్రోల్. ఈ మొదటి అమరికకు మాత్రం ఎవరినైనా సాయం పట్టండి, మొహమాటం వద్దు. తర్వాత “హే గూగుల్, వాయిస్ యాక్సెస్” అనో, “హే సిరి, టర్న్ ఆన్ వాయిస్ కంట్రోల్” అనో మీరే మొదలుపెట్టుకోవచ్చు.

ఆదేశాలు ఇంగ్లిష్‌లో ఇవ్వాలి. కంగారు పడక్కర్లేదు, రోజువారీ పనికి పదిహేను మాటలు చాలు. భాషల జాబితాలో ఇండియన్ ఇంగ్లిష్ ఉంటే అదే ఎంచుకోండి, మన ఉచ్చారణ బాగా పట్టుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఒక మెసేజ్ పంపడం మాట మాటకీ ఇలా సాగుతుంది:

“ఓపెన్ వాట్సాప్” అంటే యాప్ తెరుచుకుంటుంది. “షో నంబర్స్” అంటే స్క్రీన్ మీద నొక్కదగ్గ ప్రతిదానికీ చిన్న అంకె వచ్చి కూర్చుంటుంది. మీకు కావలసిన మనిషి పేరు పక్కన 7 ఉంటే “ట్యాప్ సెవెన్”. చాట్ తెరుచుకున్నాక అంకెలు మారతాయి, రాసే పెట్టె అంకె చూసి మళ్లీ ట్యాప్. తర్వాత “టైప్” అని, దాని వెంటే రాయాల్సిన వాక్యం ఆగకుండా చెప్పండి. తప్పు పడితే “అన్‌డూ”. అన్నీ సరిగ్గా ఉంటే “ట్యాప్ సెండ్”. బయటికి రావడానికి “గో బ్యాక్”, “గో హోమ్”. పేజీ కిందికి జరపడానికి “స్క్రోల్ డౌన్”. ఏం అనాలో తోచకపోతే “వాట్ కెన్ ఐ సే”.

అంకె ఒక్కటే అనకుండా ముందు “ట్యాప్” తగిలించమంటున్నానంటే కారణం ఉంది. ఒట్టి “టూ” అంటే అది అంకో, ఇంగ్లిష్‌లో అదే పలుకున్న ఇంకో మాటో దానికి అనుమానం. క్రియ జోడిస్తే అనుమానం తీరుతుంది. ఇంకోటి, మాట మాటకీ మధ్య ఒక్క క్షణం ఆగండి. మనుషులతో మాట్లాడినట్టు “అదేంటంటే, ఆ పైన ఉన్నది, ఏడు నొక్కు” అంటే దానికి బుర్ర తిరిగిపోతుంది.

అంకె పడని చోట్లు కొన్ని ఉంటాయి: మ్యాపులు, బొమ్మలు, ఆటలు. అక్కడ “షో గ్రిడ్” అనండి. స్క్రీన్ గళ్లుగా విడిపోతుంది, గడి అంకె చెప్తే చాలు.

మైకు గురించి ఒక మాట. ఫోన్ మైకు మూరెడు దూరంలో ఉంటే గదిలో టీవీ కూడా మీ ఫోన్‌ని నడిపిస్తుంది. నోటి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉండే మైకు హెడ్‌సెట్ వాడండి. సూటిగా నోటి ముందు పెడితే ఊపిరి చప్పుడు పడుతుంది, అందుకే మూలకు. ఎవరైనా పొద్దున తగిలించి, రాత్రి తీసేలా ఏర్పాటు చేసుకుంటే రోజు గడిచిపోతుంది.

ఆపడం

ఇప్పుడు నా కథ. కంప్యూటర్లో తెలుగులో ఆఫీసుకు ఉత్తరం డిక్టేట్ చేస్తున్నాను. మధ్యలో తమ్ముడు వచ్చి ఫ్యాన్ స్పీడు తగ్గించాడు. వద్దురా అన్నాను, వాడు వినలేదు, మాటా మాటా పెరిగింది. పంపే ముందు చూద్దును కదా, “తమరి అనుమతి కోరుతున్నాను” కింద మా ఇద్దరి గొడవ మూడు లైన్లు, చుక్కా కామా లేకుండా. పంపలేదు కాబట్టి సరిపోయింది.

అందుకని ఎవరికి నేర్పినా మొట్టమొదట వినడం ఆపించే మాట నేర్పుతాను. ఆండ్రాయిడ్‌లో “స్టాప్ లిజనింగ్”. ఐఫోన్, మ్యాక్‌లలో “గో టు స్లీప్”, తిరిగి లేపడానికి “వేక్ అప్”. విండోస్‌లో “వాయిస్ యాక్సెస్ స్లీప్”, “వాయిస్ యాక్సెస్ వేక్ అప్”. ఎవరైనా గదిలోకి అడుగుపెడితే అసంకల్పితంగా నోటికి రావాలి. నాకు అది అలవాటు కావడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ ఇంట్లోవాళ్లు పలకరించబోతే “గో టు స్లీప్” అంటుండేవాణ్ణి.

గొంతుతో కంప్యూటర్

విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ ఉంది, 2022 నాటి పెద్ద అప్‌డేట్‌తో వచ్చింది. దీని పేరూ ఆండ్రాయిడ్ దాని పేరూ ఒకటే కానీ కంపెనీలు వేరు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్పీచ్‌లోకి వెళ్లి ఆన్ చేయండి. సైన్ ఇన్ అవగానే దానంతటదే మొదలయ్యే గడికి కూడా టిక్ పెట్టించండి, లేదంటే రోజూ ఒకరిని పిలవాలి. మొదటిసారి భాష ఫైలు దించుకుంటుంది, ఆ తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మ్యాక్‌లో వాయిస్ కంట్రోల్, అది ఐఫోన్ దానికి తోబుట్టువు.

“షో నంబర్స్”, “క్లిక్ ట్వెల్వ్”, “స్క్రోల్ డౌన్”, “ప్రెస్ ఎంటర్” ఇక్కడా అంతే. కంప్యూటర్లో ఎక్కువ అక్కరకొచ్చేది గ్రిడ్. “షో గ్రిడ్” అనగానే స్క్రీన్ తొమ్మిది గళ్లవుతుంది. ఒక అంకె చెప్తే ఆ గడి మళ్లీ తొమ్మిది గళ్లవుతుంది. 1920 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పున్న స్క్రీన్ మీద గడి వెడల్పు లెక్క చూడండి: మొదటి అంకెకు 640, రెండో అంకెకు సుమారు 213, మూడో అంకెకు 71, నాలుగో అంకెకు 24. అంటే నాలుగు అంకెలు చెప్పేసరికి చిన్న చిన్న బటన్ల దాకా గురి కుదురుతుంది. చివర్న “క్లిక్”. నెమ్మదే. కానీ అంకె పడని మొండి బటన్‌ని కూడా వదలదు.

రోజూ వాడే వరస పనులకు సొంత ఆదేశాలు తయారుచేసుకోవచ్చు. మీ సంతకం, చిరునామా, రోజూ రాసే నాలుగు లైన్ల జవాబు ఒక్క మాటకే పడేలా పెట్టుకుంటే గొంతుకు బోలెడు శ్రమ తగ్గుతుంది. ఐఫోన్, మ్యాక్‌లలో పదకోశం అనే చోట మీ వాళ్ల పేర్లు చేర్చండి, లేకపోతే తెలుగు పేర్లను అది పెట్టే హింస చూడలేం.

గొంతు కండరంతోనే పనిచేస్తుందని మర్చిపోకండి. చేతులు నొప్పెట్టి గొంతుకు మారి, గొంతు బొంగురుపోయేదాకా లాగినవాళ్లు ఉన్నారు. మామూలు మాట స్థాయిలోనే చెప్పండి. అది వినకపోతే గట్టిగా అరవాలనిపిస్తుంది, అరవకండి, మైకు దగ్గరకు జరపండి. పక్కన నీళ్లు, పొడవాటి స్ట్రా.

తెలుగులో రాయాలంటే

గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు 2017లో వచ్చింది. జీబోర్డ్ కీబోర్డ్‌లో తెలుగు చేర్చుకుని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు. చిక్కల్లా ఆ మైకు నొక్కడంలోనే ఉంది. వాయిస్ యాక్సెస్ వింటున్నప్పుడే కీబోర్డ్ కూడా వినాలంటే ఒకే మైకు దగ్గర ఇద్దరు పోట్లాడుకుంటారు. ఫోన్లో నాకు కుదిరిన దారి: వాయిస్ యాక్సెస్ ఆపేసి, కింద చెప్పబోయే ముఖ కదలికల పద్ధతితో మైకు నొక్కడం, ఆ తర్వాత తెలుగులో మాట్లాడటం.

కంప్యూటర్లో అయితే క్రోమ్ బ్రౌజర్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ తీసుకుని తెలుగు ఎంచుకోండి. అది మొదలవగానే “వాయిస్ యాక్సెస్ స్లీప్” అనేసి తెలుగులో సాగిపోవచ్చు. ముగించడానికి విండోస్‌ని లేపేటప్పుడు ఆ “వేక్ అప్” మాటలు కూడా తెలుగు అక్షరాల్లో పేజీ మీద పడతాయి. చెరిపేయండి, అంతే. వచనం తయారయ్యాక కావలసిన చోటికి కాపీ చేసుకోవచ్చు. ఒత్తులు, పేర్లు తప్పుతుంటాయి. ఒక పేరా చెప్పాక ఒకసారి చదువుకుని దిద్దడం మేలు, పేజీ నిండాక వెనక్కి వెళ్తే ఏ మాట ఏ మాటగా మారిందో మీకే అర్థం కాదు.

ముఖంతో, తలతో, చూపుతో

మాట స్పష్టంగా లేనివాళ్లకు, నలుగురిలో ఫోన్‌తో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకు ఇది.

ఇక్కడ స్విచ్ అంటే బటన్ నొక్కుడికి బదులు పనిచేసే ఏదైనా కదలికో, సైగో. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్ అనే సదుపాయంలో కెమెరా స్విచ్ ఉంది. ముందు కెమెరా ఆరు సైగలను గుర్తిస్తుంది: కుడికి చూడటం, ఎడమకు చూడటం, పైకి చూడటం, నవ్వడం, కనుబొమలు ఎత్తడం, నోరు తెరవడం. ఏ సైగకు ఏ పని అన్నది మీ ఇష్టం. కనుబొమలకు “తర్వాతది”, నోటికి “నొక్కు” పెట్టుకున్నాను నేను. నవ్వుకు మాత్రం నొక్కుడు పెట్టకండి. ఎవరో జోక్ వేస్తారు, మీ ఫోన్ ఎవరికో కాల్ చేస్తుంది. సైగ ఎంత పెద్దగా ఉండాలి, ఎంతసేపు నిలపాలి అన్నవి కూడా మార్చుకోవచ్చు. ఆవలింతలు గుర్తుంచుకుని సెట్ చేసుకోండి.

ఐఫోన్లో స్విచ్ కంట్రోల్ కింద తల కుడికి, ఎడమకు తిప్పడాన్ని స్విచ్‌గా పెట్టుకోవచ్చు. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి నోటితో చేసే చిన్న చిన్న చప్పుళ్లు కూడా స్విచ్‌గా పనికొస్తాయి. వాక్యం పలకడం కష్టమైనా ఒక్క చప్పుడు చేయగలిగినవాళ్లకు ఇది పెద్ద ఊరట.

2024లో ఐఓఎస్ 18తో చూపును గమనించే ఐ ట్రాకింగ్ వచ్చింది. ఐఫోన్ 12, దాని తర్వాతి చాలా మోడళ్లలో పనిచేస్తుంది, విడిగా పరికరం అక్కర్లేదు. ఆన్ చేయగానే స్క్రీన్ మీద ఒక చుక్క చోట్లు మారుతూ కనిపిస్తుంది. తల కదపకుండా కళ్లతోనే దాన్ని వెంబడించాలి. ఫోన్ అడుగున్నర దూరంలో స్థిరంగా ఉండాలి. ఆ తర్వాత ఏదైనా బటన్‌ మీద చూపు కాసేపు నిలిపితే అదే నొక్కినట్టు. కూర్చునే తీరు మారితే గురి తప్పుతుంది, మళ్లీ చుక్కల తంతు చేయాలి.

కళ్లతో నడపడంలో అసలు తంటా ఏమిటంటే, కళ్లున్నది చూడటానికి. చదవడానికి చూసినా, నొక్కడానికి చూసినా యంత్రానికి తేడా తెలియదు. గ్రీకు పురాణంలో ముట్టుకున్నదల్లా బంగారమైపోయిన మిడాస్ రాజు పేరు మీద ఈ రంగంలో దీన్ని మిడాస్ టచ్ అంటారు. విరుగుడు రెండు రకాలు: చూపు నిలపాల్సిన సమయం పెంచుకోవడం, లేదా చూపుతో చూపించి వేరేదానితో నొక్కడం. నా ఓటు రెండోదానికే. సమయం పెంచితే తప్పులు తగ్గుతాయి కానీ రోజంతా బటన్లను గుడ్లప్పగించి చూస్తూ ఉండాలి, కళ్లు మండిపోతాయి.

కంప్యూటర్లో మామూలు వెబ్‌కెమెరాతో తల కదలికను మౌస్‌గా మార్చే ఈవియాకామ్, కెమెరా మౌస్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. బాణం గుర్తు ఒకచోట కాసేపు ఆగితే క్లిక్ పడుతుంది. దీనికి జోడీగా విండోస్ ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ తెరిచి, దాని ఆప్షన్స్‌లో అక్షరం మీద ఆగితే చాలు పడేలా పెట్టుకోండి. గొంతు కూడా అక్కర్లేకుండా రాసుకోవచ్చు.

ఒక్క కదలికే మిగిలితే

స్టీఫెన్ హాకింగ్ చివరి సంవత్సరాల్లో రాసినవన్నీ ఒక్క చెంప కండరంతో రాశారు. కళ్లద్దాలకు అమర్చిన ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ చెంప కదలికను పట్టుకునేది. ఆయన కోసం ఇంటెల్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరు ఏక్యాట్, 2015లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు.

ఒక్క స్విచ్‌తో పని జరిగే తీరు ఇది. స్క్రీన్ మీద ఒక చట్రం ఒక్కో బటన్ మీదుగా దానంతటదే కదులుతుంది, కావలసినచోటికి రాగానే స్విచ్ నొక్కాలి. దీన్ని స్కానింగ్ అంటారు. ఒక్కొక్క అక్షరం మీదుగా వెళ్తే ఎంత నెమ్మదో చూడండి. ముప్పై అక్షరాల కీబోర్డ్, ఒక్కోదాని మీద ఒక సెకను అనుకుంటే అక్షరానికి సగటున పదిహేను సెకన్ల పైనే. అదే కీబోర్డ్‌ని ఐదు వరసలుగా, వరసకు ఆరు అక్షరాలుగా పెట్టి, ముందు వరస, తర్వాత ఆ వరసలో అక్షరం ఎంచుకుంటే సగటు ఆరున్నర సెకన్లకు దిగుతుంది. అందుకే స్కానింగ్ పద్ధతి అడిగినచోట వరసల పద్ధతే ఎంచుకోండి, పదాలు ఊహించి ఇచ్చే సదుపాయం ఆన్ చేయండి. వేగం మొదటి వారం మరీ నెమ్మదిగా ఉంచండి. చట్రం దాటిపోతుందన్న టెన్షన్‌లో నొక్కితే అన్నీ తప్పులే.

స్విచ్‌లు విడిగా దొరుకుతాయి. పెద్ద బటన్ లాంటివి తలగడ పక్కనో, పాదం కిందో, మోకాలి పక్కనో బిగించుకోవచ్చు. గొట్టంలో ఊదితే ఒక పని, పీలిస్తే ఇంకో పని చేసేవీ ఉన్నాయి. ఇలాంటి స్విచ్‌ల పిన్ను ఎక్కువగా 3.5 మిల్లీమీటర్లదే ఉంటుంది, పాత హెడ్‌ఫోన్ పిన్ను సైజు. దాన్ని ఫోన్‌కి, కంప్యూటర్‌కి కలిపే చిన్న డబ్బా ఒకటి వేరే కావాలి, స్విచ్‌తో పాటే అడిగి తీసుకోండి.

నోటితో కర్ర పట్టి టైప్ చేసే పాత పద్ధతి ఇప్పటికీ చెడ్డదేం కాదు, కరెంటు పోయినా పాడవదు. పంటి గాటు కొలతకు చేసిన పట్టు ఉండాలి, ముందు పళ్లతో కరిచి పట్టుకుంటే పళ్లు దెబ్బతింటాయి. టచ్ స్క్రీన్‌కి ఒట్టి చెక్క కర్ర పనిచేయదు. కొస నుంచి పెదవుల దాకా విద్యుత్తు పారే పదార్థంతో చేసినదై ఉండాలి. కంప్యూటర్ కీబోర్డ్ అయితే ఏ కర్రయినా సరే. షిఫ్ట్‌ని ఐదుసార్లు నొక్కితే విండోస్‌లో స్టికీ కీస్ గురించి అడుగుతుంది, ఒప్పుకోండి. అప్పుడు రెండు కీలు ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా సరిపోతుంది.

తాళాలు, కాల్స్, ఆపద

ముఖంతో అన్‌లాక్ పెట్టుకోండి. ఐఫోన్ రీస్టార్ట్ అయినా, 48 గంటలు అన్‌లాక్ చేయకపోయినా పాస్‌కోడ్ అడుగుతుంది. ఆ సమయానికి నమ్మకమైన మనిషి ఒకరికి కోడ్ తెలిసి ఉండాలి. రాత్రిళ్లు అప్‌డేట్లు దానంతటవే పడకుండా ఆపించండి, పొద్దున లేచేసరికి ఫోన్ కోడ్ అడుగుతూ కూర్చుంటుంది. బ్యాంకు పిన్ మాత్రం గట్టిగా చదవకండి, డబ్బు విషయాలకు ముఖం గుర్తింపు వాడే యాప్‌నే ఎంచుకోండి.

వచ్చే కాల్స్ కొన్ని సెకన్లకు దానంతటదే ఎత్తేలా ఐఫోన్లో పెట్టుకోవచ్చు: యాక్సెసిబిలిటీ, టచ్, కాల్ ఆడియో రూటింగ్. అక్కడే శబ్దం స్పీకర్‌కి వెళ్లేలా పెట్టండి, లేదంటే కాల్ ఎత్తుతుంది కానీ మీకు వినబడదు.

లైట్లు, ఫ్యాన్లకు స్మార్ట్ ప్లగ్, స్మార్ట్ స్పీకర్ చాలు. టీవీకి, ఏసీకి రిమోట్ సంకేతాలు పంపే చిన్న పరికరాన్ని ఫోన్ యాప్‌తో కలిపితే అవీ మాట వింటాయి. ఇవి నెట్ మీద ఆధారపడతాయి, నెట్ పోయినరోజు లైటు వెలిగించడానికి మనిషే కావాలి.

చివరి పని, దీన్ని వాయిదా వేయకండి. ఇంట్లో ఒకరిని పక్క గదిలో ఉంచి, మంచం మీద మామూలుగా పడుకునే భంగిమలో, హెడ్‌సెట్ లేకుండా, లైటు తీసేసి వాళ్లకు ఫోన్ చేసి చూడండి. చీకట్లో కెమెరాకు మీ ముఖం కనబడకపోవచ్చు, దూరం నుంచి మైకుకు మాట అందకపోవచ్చు. నాకు మొదటిసారి రెండూ విఫలమయ్యాయి. ఆ రాత్రి నుంచి మంచం దగ్గర చిన్న లైటు, పాదానికి అందేలా ఒక కాలింగ్ బెల్ బటన్ పెట్టించాను.